ఓడ టైము, యార్డు టైము

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపేవాడికి తీరిక రెండుసార్లే. వారం వారం శని, ఆదివారాలు. ఏడాదికోసారి, ఎండలు మండే నెలలో యార్డు మూసినప్పుడు. మా పెద్దమ్మాయి ఓడ టిక్కెట్లు తీసింది మాత్రం డిసెంబర్లో, సోమవారం ఎక్కి శుక్రవారం దిగేట్టు. మా పెళ్లయి 30 ఏళ్లయిందని బహుమానం. వద్దనడానికి నోరు రాదు. లెక్క చూసుకుంటే, యార్డు నడిచే అయిదు రోజులకు అయిదు రోజులూ నేను నీళ్ల మీదే.

డిసెంబరంటే కొత్త కాయ ఇంకా చేలోనే ఉంటుంది. యార్డుకొచ్చేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీల్లో దాచిన ఏసీ సరుకు. ప్రత్తిపాడు వైపు రైతు ఒకాయన 62 టిక్కీలు, అంటే బస్తాలు, తేజ రకం కాయ నా మాట మీద అట్టిపెట్టాడు. "ఈ వారంలో తెగనమ్మెయ్ బాబాయ్, కోత కూలీలకి డబ్బులు కావాలి" అన్నాడు. గుమాస్తా ఉన్నాడు, పదకొండేళ్లుగా నా దగ్గరే. అయినా చివరి వంద రూపాయల దగ్గర బిగపట్టడం నాకే చేతనవునని నా నమ్మకం. మా ఆవిడ దీనికి వేరే పేరు పెట్టింది, ఇక్కడ రాయను.

సోమవారం, సింగపూర్

మాకు సముద్రమంటే సూర్యలంక, పడవంటే భవానీ ద్వీపానికి పోయేది. మెరీనా బే దగ్గర రేవులో ఓడ పక్కన నిలబడి తలెత్తితే మెడ పట్టేసింది. బ్రాడీపేట నాలుగో లైను మొత్తాన్ని నిలబెట్టి తెల్ల సున్నం వేసినట్టుంది. లోపలికి వెళ్లగానే తలా ఒక కార్డు ఇచ్చారు. అదే గది తాళం, అదే పర్సు. రూపాయి కనపడకుండా ఖర్చు చేయించే ఏర్పాటని తర్వాత తెలిసింది.

మొదటి పని భోజనం కాదు, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూసి రావడం. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే ఎక్కడున్నవాళ్లు అక్కడినుంచి తమకు చెప్పిన చోటికి రావాలి. మా మనవడు పదకొండేళ్లవాడు, సాయంత్రమంతా ఆ కూతలు నోటితో కూసి పక్క గది వాళ్లని భయపెట్టాడు.

ఓడలో గడియారం సింగపూర్‌ది. మనకంటే రెండున్నర గంటలు ముందు. నా చిన్న ఫోను, అంటే బటన్లది, యార్డులో అందరికీ తెలిసిన నంబరది, టైము తనంతట తాను మార్చుకోదు. మనవడు బటన్లు నొక్కి ఓడ టైము పెట్టాడు. "తాతయ్యా, ఇంక నువ్వు లేటవ్వవు" అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

రేపటి కార్యక్రమాల పట్టిక ఇప్పుడు ఫోన్లో ఓడ వాళ్ల యాప్‌లోనే వస్తుంది. డబ్బు కట్టకపోయినా ఓడ వైఫైకి తగిలించుకుంటే ఆ యాప్ ఒక్కటీ పనిచేస్తుంది: ఏ హాల్లో ఏ ఆట, ఏ హోటల్లో ఏ కూర, ఏ గంటకు నాటకం. మా ఆవిడకు అది నచ్చలేదు. కింద కౌంటర్ దగ్గరికి పోయి సైగలతో కాగితం అడిగింది. వాళ్లు నవ్వి నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. ఆ రాత్రి నుంచి అదే మా పంచాంగం. పొద్దున ఏడింటికి ఆసనాలు మొదలు రాత్రి పదకొండింటికి పాటల పోటీ దాకా అరగంటకొకటి. తువ్వాళ్లు మడిచి ఏనుగు చేయడం నేర్పే తరగతి కూడా ఉంది. ఆవిడ పెన్ను తీసుకుని సున్నాలు చుట్టింది. పెళ్లివారింటి పనుల జాబితా రాసేటప్పుడు కూడా అంత శ్రద్ధ చూడలేదు.

ఇక ఇంటర్నెట్టు. ఒక్క ఫోనుకు రోజుకు 22 డాలర్లు. నాలుగు రోజులకు మన డబ్బులో ఎనిమిది వేలకు దగ్గర. అయిదుగురికీ తీస్తే ఒక టిక్కీ మంచి తేజ ధర కాదు, ఆరేడు టిక్కీల ధర. అల్లుడుగారు ఒక్కటే తీశారు. ఒకళ్లు ఎక్కితే ఇంకొకళ్లు దిగాలి. ఒకే సైకిలు ఉన్న ఇల్లన్నమాట. కాగితం అంచున ఖాళీలో మా అమ్మాయి మా సొంత పట్టిక రాసింది: పొద్దున 8:30 అమ్మమ్మ (గుంటూర్లో 6), మధ్యాహ్నం 1:30 యార్డు (అక్కడ 11), రాత్రి 9:30 అల్లుడుగారి ఆఫీసు. మనవడికి ఏమీ లేదు. వాడేమీ మాట్లాడలేదు. అనుమానించాల్సింది అప్పుడే.

పెద్ద ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించింది అమ్మాయి. చిన్న ఫోను నా జేబులో ఉన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. భోజనాల దగ్గర అది మోగింది! సముద్రం మధ్యలో మోగింది కదా అని నేను మురిసిపోయాను. ప్రత్తిపాడు ఆయనే. "రేటెట్టా ఉంది బాబాయ్?" నాలుగు నిమిషాలు తీరిగ్గా మాట్లాడాను. మా అమ్మాయి ముఖం చూసి పెట్టేశాను. సంగతేమిటంటే, ఓడ రేవు వదిలి సముద్రంలోకి వచ్చాక దాని మీద ఉన్న సొంత టవరు మొదలవుతుంది. మన ఫోను దాన్ని పట్టుకుంటే ఆ మాటలు ఉపగ్రహం మీదుగా పోతాయి, రేటు వేరే. మలేషియాకు, థాయిలాండ్‌కు వేయించుకున్న రోమింగ్ ప్యాక్ ఓడకు చెల్లదు. వచ్చిన కాల్‌కూ డబ్బే. చిన్న ఫోను ఆపేసి లాకర్లో పెట్టి తాళం వేశారు. పాస్‌పోర్టులతో సమానంగా.

మంగళవారం, పెనాంగ్

పొద్దున అత్తగారికి వీడియో కాల్. ఆవిడకు 82. మా ఆవిడ ఫోను తిప్పి తిప్పి సముద్రం చూపించింది.
"ఏముందే అందులో, అంతా నీళ్లేగా. తిన్నారా?"
"తిన్నామమ్మా. ఎంత పెద్ద ఓడో తెలుసా?"
"పెద్దదైతే ఏం, కాఫీ ఇస్తున్నారా?"
ఆ ప్రశ్నకు జవాబు కష్టం. నల్ల నీళ్లు ఇస్తున్నారు, పేరు మాత్రం కాఫీ.

మాట వెంటనే అవతలికి చేరడం నాకు ఆశ్చర్యమేసింది. అల్లుడుగారు చెప్పారు. ఇదివరకు ఓడలు వాడిన ఉపగ్రహాలు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట ఉన్నట్టు కనపడేవట. మాట పైకి పోయి కిందికి దిగి, జవాబు మళ్లీ అట్లాగే రావాలంటే అర సెకను ఆగాల్సిందే, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఊరుకునేవాళ్లు. ఇప్పుడు 550 కిలోమీటర్ల ఎత్తున గుంపుగా తిరిగేవి వచ్చాయి. "గుంటూరు నుంచి చెన్నై పోయి ఇంకాస్త పోయినంత దూరం, మావయ్యా" అన్నారు. నాకు తెలిసే భాషలో చెబుతారు, అది ఆయనలో మంచి గుణం.

పొద్దుటి ఫలహారం దగ్గర మనవాళ్లు దొరికారు. దొరకడానికి కారణం గోంగూర. ఇంట్లో పెట్టిన పచ్చడి ఓడలోకి రానివ్వరని అమ్మాయి ముందే చెప్పింది, అందుకని కొట్లో సీలు వేసినవి తెచ్చాం. పప్పన్నంలో చప్పిడి పప్పు చూసి ప్యాకెట్ చించానో లేదో, వెనక బల్ల నుంచి "ఎవరండీ అది, మన గోంగూరేనా?" అని ఒక గొంతు. తెనాలి దంపతులు. ఆవిడ రిటైరైన టీచరు. వాళ్లు ఇంటర్నెట్టు అసలు తీసుకోలేదు. "నలభై ఏళ్లు బెల్లు కొడితే లేచాను, బెల్లు కొడితే కూర్చున్నాను. అయిదు రోజులు ఏ మోతా వద్దు" అన్నారావిడ. మరి మళ్లీ కలవడమెట్లా? వాట్సాప్ పనిచేయదు. ఆవిడే దారి చెప్పారు: గది తలుపు సందులో చీటీ పెట్టడం. సాయంత్రానికి నరసరావుపేట వాళ్లు, ఏలూరు వాళ్లు కూడా తేలారు. "రాత్రి 9:30, నాలుగో అంతస్తు మెట్ల దగ్గర" అని చీటీలు తిరిగాయి. చిన్నప్పుడు సినిమాకు పోదామని కబురు పంపుకునేవాళ్లం, అట్లా.

ఒంటిగంటకు పెనాంగ్ రేవు. ఓడ ఒడ్డుకు దగ్గరవుతూండగానే పెద్ద ఫోన్లో ఒడ్డు సిగ్నల్ వచ్చేసింది, ఇది రోమింగ్ ప్యాక్‌కు చెల్లేదే. సరిగ్గా నా 1:30. గుమాస్తా రేటు చెప్పాడు. నిన్నటి మీద పెద్ద కదలిక లేదు. "ఆగు, రేపు చూద్దాం" అన్నాను.

రేవు నుంచి లిటిల్ ఇండియా నడిచిపోయేంత దగ్గర. నేను దారి చూపిస్తానని ముందు నడిచి ఎడమకు తిప్పాను. ఇరవై నిమిషాలు నడిచాక ఇళ్లు నీళ్ల మీదికి వచ్చేశాయి! సముద్రంలో కర్రలు పాతి, వాటి మీద చెక్కలు పరిచి కట్టిన చీనావాళ్ల ఇళ్లు. ఒక్కో వంతెన ఒక్కో వంశానిదట. గుమ్మాల ముందు ఎర్ర దీపాలు, పూలకుండీలు, ఒక ముసలాయన బనీనుతో కూర్చుని పత్రిక చదువుకుంటున్నాడు. మా మనవడు ఫోను ఎత్తబోతే చెయ్యి అడ్డంగా ఊపాడు, కోపంగా కాదు. మన ఇంటి అరుగు మీదికి ఎవరైనా వచ్చి ఫొటో తీస్తే ఎట్లా ఉంటుంది? దించేశాం. ఆయన తలూపి మళ్లీ పత్రికలో పడ్డాడు. తప్పుదారే గాని, పెనాంగ్‌లో నాకు బాగా గుర్తున్నది అదే.

లిటిల్ ఇండియాలో అరవ పాటలు, మల్లెపూలు, మరిగే నూనె వాసన. మారియమ్మ గుడి 1833 నాటిది. మేం పోయేసరికి తలుపులు మూసి ఉన్నాయి, గోపురానికే దండం పెట్టాం. పక్క వీధిలో ఒక సరుకుల కొట్టు ముందు గోనెసంచి నోరు తెరుచుకుని ఉంది. ఎండు మిరపకాయలు. నా కాళ్లు ఆగిపోయాయి. మా ఆవిడ "మొదలు" అంది.

కాయ చిన్నది, సన్నది, తొడిమతో ఉంది. ఒకటి విరిచి గింజ నాలుక మీద పెట్టాను. కొట్టాయన "ఎంద ఊరు అణ్ణే?" అన్నాడు. గుంటూరు అన్నాను. ఆయన చేతులు జోడించాడు! సంచి తిప్పి చూపించాడు, ఇండియా సరుకని ముద్ర ఉంది, ఊరు లేదు. ఊరు నాకు అక్కర్లేదు, నాలుక చెప్పింది. తేజే. కిలో 18 రింగిట్లు. మన డబ్బులో 390 దాకా. యార్డులో రైతుకు ముట్టేది తల్చుకుని మధ్యలో ఎన్ని చేతులు, ఎన్ని కాటాలు అని లెక్కవేస్తూ నిలబడిపోయాను. ఆయన టీ తెప్పించాడు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి బారెడు ఎత్తునుంచి పోసి నురగ తెప్పిస్తారు, పాలు, పంచదార దండిగా. ఓడ ఎక్కాక నేను తాగిన మొదటి మనిషి టీ అది. డబ్బు తీసుకోలేదు. ఆ సంచి ఫొటో ప్రత్తిపాడు ఆయనకు పంపాను. "మనదేనా బాబాయ్?" అని ఒకటే ప్రశ్న.

బుధవారం, ఫుకెట్

ఇక్కడ ఓడ ఒడ్డుకు పోదు, లోతు చాలదు. దూరంగా లంగరేసి చిన్న పడవల్లో పటాంగ్ తీరానికి దింపుతారు. పట్టికలో పెద్ద అక్షరాలతో ఉంది: చివరి పడవ 4:30, ఓడ టైము. ఆ చివరి రెండు మాటలు నేను చదవలేదు.

టుక్‌టుక్ అంటే మన ఆటో అనుకున్నాను, ఎర్ర రంగు బుల్లి వ్యాను. 300 బాత్ అడిగాడు, 200కి వచ్చాడు. బేరమాడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ముందు గట్టిగా బేరం చేయడం యార్డు మనిషికే కష్టమైంది. బన్‌జాన్ కూరగాయల మార్కెట్టుకు పోయాం. ఆడవాళ్లు పళ్ల వైపు, నేను మిరపకాయల వైపు. అక్కడి చిన్న మిరపకాయ పేరుకు వాళ్ల భాషలో అర్థం ఎలుక పెంటికలట! చూస్తే పేరు పెట్టినవాడి చూపుకు దండం పెట్టాలి. కొరికాను. వెంటనే మండదు, నాలుగు అంకెలు లెక్కపెట్టాక నెత్తికెక్కుతుంది. అమ్మే ఆవిడ నవ్వి పైనాపిల్ ముక్క చేతిలో పెట్టింది. ఈలోగా గుమాస్తా ఫోను. క్వింటాకు 100 పెంచి అడుగుతున్నారట. ముక్కు కారుతుండగా "రేపటి దాకా ఆగు" అన్నాను. దగ్గు అడ్డుపడి చెప్పాల్సింది ఇంకేదో ఉండిపోయింది.

తీరం దగ్గర మనవాళ్ల హోటళ్లు వరసగా ఉన్నాయి. దోసె చెప్పి కూర్చున్నాం. మా ఆవిడ చేతి గడియారం చూసి "లేవండి, పది తక్కువ నాలుగు" అంది.

"నీ గడియారం గంట ముందు పరిగెత్తుతోంది. ఇదుగో చూడు, పది తక్కువ మూడు." నా పెద్ద ఫోను చూపించాను. ఫోను అబద్ధం చెబుతుందా?

"మొన్న ఓడలో పెట్టుకున్న టైము ఇది. ఒక్క నిమిషం తేడా రాలేదు."

"బ్యాటరీ చూపించాలి దానికి."

దోసె వచ్చింది. ఇంకో దోసె చెప్పాను. అప్పుడు అల్లుడుగారు పళ్లెం తోసి లేచారు. థాయిలాండ్ గడియారం సింగపూర్ కంటే గంట వెనక. ఒడ్డు సిగ్నల్ అందుకోగానే ఫోను ఒడ్డు టైముకు మారిపోయింది. ఓడ తన టైము మార్చుకోలేదు. ఆవిడ గడియారానికి సిగ్నల్ లేదు గనక నిజం చెప్పింది.

ఇసకలో పరుగు. నేను చెప్పులు చేత్తో పట్టుకున్నాను, మా ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుంది, మనవడు ఏడు పొట్టి కూతలు కూస్తూ ముందు పరిగెత్తాడు. పోయేసరికి లైన్లో ఇంకా రెండొందల మంది తాపీగా ఐస్‌క్రీం తింటూ నిలబడి ఉన్నారు. మా పడవ కదిలేసరికి 4:50. దారంతా ఆవిడ ఏమీ అనలేదు. గడియారం ఉన్న చెయ్యి మాత్రం నా వైపు పెట్టి కూర్చుంది.

గురువారం, నడి సముద్రం

రోజంతా ఎక్కడా దిగేది లేదు, పట్టికలో మాత్రం సందు లేదు. మా ఆవిడ తువ్వాలు ఏనుగు నేర్చుకుంది. తెనాలి టీచరుగారి భర్త తంబోలా లాంటి ఆటలో 40 డాలర్లు గెలిచి, గెలిచినట్టు తెలియక కాగితం పారేయబోయారు. రాత్రి వడ్డించే గోవా కుర్రాడికి ముందురోజే చెప్పిపెడితే వంటవాళ్లు మనకోసం విడిగా కూర చేస్తారని నిన్న తెలిసింది. బెండకాయ వేపుడు వచ్చింది, కారం లేకుండా. నా ప్యాకెట్లో పొడి ఆ కుర్రాడికీ కాస్త ఇచ్చాను. వాళ్లు తినేచోట అన్నంలో కలుపుకున్నాడట. మర్నాడు పొద్దున నన్ను చూసి ముందుకు రాలేదు.

1:30కి ఫోను తీశాను. నెట్ లేదు. ఇంకెవరో ఎక్కారు. ఆవిడ కాదు, అమ్మాయి కాదు, అల్లుడుగారు కాదు. మిగిలింది ఒక్కడు. ఎక్కడున్నాడు? పిల్లల గది పన్నెండో అంతస్తు. లిఫ్టు నిండా జనం. మెట్లెక్కాను. అక్కడ లేడు. ఈత కొలను దగ్గర లేడు. ఆటల మిషన్ల దగ్గర, వాళ్లమ్మ పాత ఫోనుతో, ఇంకో ఊరి కుర్రాడితో కలిసి ఏదో కాల్చుకుంటున్నాడు. "రెండు నిమిషాలు తాతయ్యా, చచ్చిపోతాను" అన్నాడు. ఆటలో అని తర్వాత అర్థమైంది.

నాకు నెట్ వచ్చేసరికి 2:05. గుంటూర్లో 11:35. మెసేజ్ అప్పటికే వచ్చి ఉంది. 'చాలాసార్లు చేశా, కలవలేదు. నిన్నటి మీద 150 పెట్టారు. 62 టిక్కీలు ఇచ్చేశా. చీటీ రాసేశా. రైతుకి చెప్పా.'

నేనుంటే ఇంకో 50 లాగేవాణ్ణి. ఈ మాట భోజనాల దగ్గర మూడుసార్లు అన్నానట, మా అమ్మాయి లెక్కపెట్టింది.

ఆ రాత్రి మెట్ల దగ్గర సభ అయ్యాక తెనాలి టీచరుగారు నన్ను పక్కకు పిలిచారు. "తమ్ముడూ, మీ నెట్టు ఒక్క రెండు నిమిషాలు ఇస్తారా? మా వాడికి నెలల పిల్ల, జలుబు చేసిందన్నారు మేం బయల్దేరేటప్పుడు." ఇచ్చాను. అల్లుడుగారి ఆఫీసు వాళ్లు ఆ రెండు నిమిషాలు కాస్తా ముప్పావుగంట ఆగాల్సి వచ్చింది.

శుక్రవారం, మళ్లీ సింగపూర్

పెట్టెలు రాత్రే గది బయట పెట్టాలి, పొద్దున మనకంటే ముందు అవి దిగుతాయి. పళ్లు తోముకునే బ్రష్షు పెట్టెలో వెళ్లిపోయింది, ఎవరిదో చెప్పను. బిల్లులో సేవకుల కోసమని తలకు రోజుకు 18 డాలర్లు ముందే వేసేశారు. గది సర్దే ఇండోనేషియా కుర్రాడు రోజూ తువ్వాలుతో ఒక జంతువును చేసి మంచం మీద కూర్చోబెట్టేవాడు, అతనికి విడిగా చేతిలో పెట్టాను. చివరి కోతిని మా ఆవిడ విప్పనివ్వలేదు.

గుంటూరు

వారం తిరక్కుండానే ఫోను బిల్లు వచ్చింది. సోమవారం నాటి నాలుగు నిమిషాలకు 2,300 పైచిలుకు. ప్రత్తిపాడు ఆయనకు చెప్పలేదు. చెబితే ఇంక జన్మలో ఫోను చెయ్యడు.

కానీ అంతకుముందే ఇంకోటి జరిగింది. వచ్చాక మొదటి సోమవారం యార్డు. ఆదివారం రాత్రి పెట్టె అడుగునుంచి చిన్న ఫోను తీసి, చార్జింగ్ పెట్టి, అయిదింటికి అలారం పెట్టుకుని పడుకున్నాను. మోగింది, లేచాను. ఆవిణ్ణి లేపకుండా స్నానం చేసి, కాఫీ పెట్టుకు తాగి, స్కూటరు తీశాను. డిసెంబరు చీకటి, మంచు, రోడ్డు మీద పిట్ట లేదు. చలికి జనం లేవడం లేదనుకున్నాను. యార్డు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి "ఏందయ్యా, ఇంత పెందలాడే?" అన్నాడు. వారం రోజులు లేను కదా అన్నాను.

షెడ్డులో టిక్కీల మీద దుప్పటి కప్పుకుని ఒక రైతు పడుకుని ఉన్నాడు. టీ కొట్టు తీయలేదు. నా చెప్పుల చప్పుడుకు ఆయన తల బయట పెట్టాడు.

"టైమెంతయింది బాబాయ్?"

జేబులోంచి తీసి చూశాను. "పది తక్కువ ఆరు."

ఆయన దుప్పట్లోంచి తన ఫోను తీశాడు. ఆ వెలుగులో నా వైపు ఒకసారి చూసి, దాన్ని నా ముఖానికి తిప్పాడు. మూడూ ఇరవై.